షిఫ్టు సైరన్ కాదు

"బొగ్గు తడిసిందా?" ఫోన్‌లో గొంతు అడిగింది.

"ఎండబెట్టిన సార్," అన్నాడు రఘుపతి.

కోడ్ కుదిరింది. ఢిల్లీ నుంచి గూఢచారి శాఖ చీఫ్ చకచకా చెప్పుకుపోయాడు. గోదావరిఖని గనుల్లో పేలుడు సామగ్రి దాచే గోదాం మ్యాపు కోసం ఒక విదేశీ ముఠా కాచుక్కూచుంది. అది దొరికితే వందలమంది కార్మికుల ప్రాణాలు గాల్లో కలుస్తాయి. కాబట్టి రఘుపతి కంప్యూటర్లో ఉన్న అసలు మ్యాపును మార్చి, ముఠాకు దొంగ మ్యాపు అంటగట్టాలి. మ్యాపు ఎక్కించిన డిస్కు మీద లేజర్‌తో చెక్కిన చిలుక బొమ్మ ఉంటేనే వాళ్లు నమ్ముతారు. తీసుకెళ్లేది సుహాసిని, మన డబుల్ ఏజెంట్.

ఆ పేరు వినగానే రఘుపతి గడ్డం గీసుకున్నాడు. ఈ కాలనీలో అతను కంప్యూటర్లు రిపేరు చేసే లింగమూర్తి. అసలు పేరుతో పిలిచే మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరు. సుహాసిని వచ్చినప్పుడు మాత్రం పిలిచేది, అదీ గొంతు తగ్గించి. ఆ ఒక్క పిలుపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ బతికాడు పాపం.

తీరా చూస్తే డిస్క్ రైటర్ మొండికేసింది. మొదట బొమ్మ రాలేదు. లేబుల్ చెక్కేటప్పుడు డిస్కును తిరగేసి పెట్టాలన్న సంగతి మరిచాడు. తిరగేస్తే చిలుక ముచ్చటగా వచ్చింది. డేటా మాత్రం వరసగా రెండు మధ్యాహ్నాలూ సగంలోనే చచ్చింది. కేబుల్ మార్చాడు, స్పీడు తగ్గించాడు, లాభం లేదు.

పక్క క్వార్టర్ సారవ్వ గోడ మీంచి తొంగిచూసింది. "లింగన్నా, బ్లాస్టింగుకు నీ ఇంట్ల గిన్నెలు గిట్ల పడ్డయా? మావన్ని కింద పడ్డయి."

రఘుపతి నెత్తి కొట్టుకున్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం రోజూ మధ్యాహ్నం బండలు పేలుస్తారు. బల్ల అదిరి లేజర్ దారి తప్పుతోందన్నమాట. మర్నాడు పొద్దున్నే డేటా బర్న్ చేస్తే డిస్కు బుద్ధిగా తయారైంది.

మధ్యాహ్నం సుహాసిని వచ్చింది. ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషం, నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు.

"బాగున్నారా రఘుపతి గారూ?"

అతని ప్రాణం లేచొచ్చింది. చాయ్ పెట్టబోతుంటే ఆమె లిప్‌స్టిక్ తీసి అతని గుండెకు గురిపెట్టింది. ఒకే గుండు పేలే పిస్టల్ అది.

"నకిలీది నాకెందుకండీ? అసలు మ్యాపు మీ కంప్యూటర్లోనే ఉందిగా. బర్న్ చెయ్యండి. చిలుక సంగతి తర్వాత."

అతనికి కోపం కూడా రాలేదు, దిగులేసింది. కొత్త డిస్కు పెట్టి, స్పీడు బాగా తగ్గించి, బటన్ నొక్కాడు. కాసేపటికి బయట సైరన్ మోగింది.

"ఏంటది?"

"షిఫ్టు సైరన్. డ్యూటీ దిగుతున్నరు."

షిఫ్టు కూత వేరు, బ్లాస్టింగ్ కూత వేరని ఊళ్లో చంటిపిల్లలకూ తెలుసు. సుహాసిని కోస్తా మనిషి, నమ్మేసింది.

తొంభై శాతం. తొంభై ఆరు. తొంభై తొమ్మిది.

ఢాం! గోడలు ఊగాయి, గిన్నెలు దొర్లాయి. బాంబనుకుని సుహాసిని బల్ల కిందికి దూరింది. లిప్‌స్టిక్ రఘుపతి చేతికొచ్చింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: బర్న్ ఫెయిల్డ్.

"లింగన్నా, పేలుడుకు సుట్టపామె బుగులు పడ్డదా?" గోడవతల నుంచి సారవ్వ.

"పడ్డదక్కా."

రఘుపతి ఫోన్ చేస్తే మఫ్టీలో ఉన్న మనవాళ్లు షేర్ ఆటో తెచ్చి ఆమెను ఎక్కించుకున్నారు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "వస్తాను రఘుపతి గారూ," అంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ పేరు ఇక్కడ మళ్లీ ఎవరూ పలకరు.

ఏ కంప్యూటరూ చదవలేని ఆ డిస్కును తిరగేసి డ్రైవులో పెట్టాడు. లేజర్ నింపాదిగా 'రఘుపతి' అని చెక్కింది.

ఫోన్ మోగింది, చీఫే. "ఆ పాడైన డిస్కులో ఏమైనా మిగిలిందా?"

"లోపల ఏం లేదు సార్. పైన పేరు తప్ప."