తొమ్మిదో ముల్లు

ఆ రోజు పొద్దున్నే రాళ్ళ మాస్టారు గడ్డం గీసుకుంటూ ఈల వేశారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఈల వేయగా ఆయన భార్య వినడం ఇది మూడోసారి. కూతురు పుట్టినప్పుడు ఒకసారి, తొమ్మిదో ముల్లు బయటపడినప్పుడు ఒకసారి, మళ్ళీ ఇవాళ.

ఆయన నిజానికి డ్రాయింగు మాస్టారు. రిటైరై ఐదేళ్ళయింది. ఆయన గీసిన బొమ్మలు వీధిలో ఒక్కరికీ గుర్తులేవు కానీ, ఆయన రాళ్ళు తెలియనివాళ్ళు లేరు. సెలవు దొరికితే చాలు, సుత్తీ సంచీ పట్టుకుని క్వారీల వెంట తిరిగి, కోట్ల ఏళ్ళ కిందట బతికి రాయైపోయిన జీవుల్ని ఏరుకొచ్చేవారు. ముందుగదిలో అద్దాల బీరువా నిండా అవే. చుట్టచుట్టుకున్న నత్తలు, రాతిలో అచ్చుపడిన చేపలు, చెట్టుబంక గట్టిపడి గాజులా మారితే అందులో కాళ్ళు చాపుకుని అలాగే ఉండిపోయిన ఒక దోమ. వాటి మధ్య దర్జాగా ఒక ట్రైలోబైట్, ఒకప్పుడు సముద్రం అడుగున పాకిన పెంకుపురుగు. అరచేయంత ఉంటుంది. దాన్ని చూసి బొద్దింక అన్నవాళ్ళకు ఆ ఇంట్లో టీ దొరకదు.

దాని వెన్ను మీద వరుసగా తొమ్మిది ముళ్ళు. ఎనిమిది వెనక్కి వంగి ఉంటాయి, ఆఖరిది మాత్రం ముందుకు. లోకంలో ఇంకే ట్రైలోబైటుకూ ఇలాంటి ముల్లు లేదని మాస్టారు పదకొండేళ్ళుగా కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నారు. బొమ్మ గీసి, వ్యాసం రాసి మ్యూజియానికి పంపారు. ఇన్నాళ్ళకు అక్కడి శాస్త్రవేత్త చూడటానికి వస్తోంది, పదకొండు గంటలకు.

"ఏమోయ్, ఆవిడ నీలిదీపం కూడా తెస్తోందట," అన్నారు మాస్టారు టీ తాగుతూ. "జిగురో ప్లాస్టిక్కో పెట్టి అతికిస్తే, ఆ దీపం వెలుగులో మిలమిల మెరిసిపోతుందట. దొంగ రాళ్ళు అమ్మేవాళ్ళని అలాగే పట్టుకుంటారు. మనకేం భయం? మనది కడిగిన ముత్యం!"

భార్య చేతిలోని టీ సగం సాసర్లో ఒలికింది. డెంటల్ ల్యాబులో పళ్ళసెట్లు తయారుచేయడం ఆవిడ వృత్తి. ఊళ్ళో సగం నోళ్ళు నవ్వుతున్నాయంటే ఆవిడ చలవే. ఏది ఏ దీపం కింద మెరుస్తుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వంటింట్లో కూతురు జామపళ్ళు కోస్తోంది. పక్కవీధిలోనే కాపురం, నాన్న వైభవం చూడటానికి సెలవు పెట్టి మరీ వచ్చింది. తల్లి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అంది.

"ఆ తొమ్మిదో ముల్లు నేను చేశానే."

కూతురి కత్తి ఆగిపోయింది. "అమ్మా! నాన్న రాయికి పన్ను కట్టావా?"

"నెమ్మదిగా! వింటారు."

పదకొండేళ్ళ కిందట మాస్టారు పరీక్షల డ్యూటీకి వారం రోజులు వేరే ఊరు వెళ్ళారు. అప్పటికి పద్నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం సూదితో రాతిపొడి గీకుతూ ఎనిమిది ముళ్ళు బయటికి తీశారు. తొమ్మిదోదానికి మొదలు మాత్రమే కనిపిస్తోంది, మిగతాది ఇంకా రాతిలోనే ఉంది. ఆవిడ దుమ్ము దులుపుతుంటే రాయి చెయ్యి జారింది. ఆ మూల, లోపలి ముల్లుతో సహా పొడిపొడి అయిపోయింది. ఆవిడ పళ్ళసెట్లకు వాడే ప్లాస్టిక్కుతో కొత్త ముల్లు తయారుచేసి అతికించి, రాతిపొడి కలిపిన ముద్దలో కప్పెట్టేసింది. మాస్టారు తిరిగొచ్చి ఆరు ఆదివారాలు తవ్వి, దాన్ని కనిపెట్టారు.

"ముందుకు వంగిందని గంతులేశారే. నాకే తెలియకుండా అలా వంచేశాను!"

"ఇప్పుడు చెప్పేయ్."

"పోనీ, మళ్ళీ కింద పడేస్తే?"

"అమ్మా!"

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళింది. మాస్టారు బీరువా అద్దం తుడుస్తున్నారు. పరాయి మనిషి ముందు ఆయన తల దించుకోవడం కంటే తన మీద కోప్పడటమే నయం అనుకుంది.

"ఏవండీ, ఆ ముల్లు దానిది కాదు. నేను చేసింది."

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మొత్తం విన్నాక గుడ్డ చేతిలోనే పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

"పదకొండేళ్ళు! వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. నువ్వు పక్కనే నిలబడి టీలు అందించావు. నన్ను పిచ్చివాణ్ణి చేశావు కదే!"

"మీరు రాగానే చెబుదామనే ఉన్నాను, ధైర్యం చాలలేదు. అది బయటపడిన రోజు ఈల వేసుకుంటూ వంటింట్లోకి వచ్చారు. ఆ మొహం చూసి నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఏ రోజుకారోజు మరింత కష్టమైపోయింది."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన చూడలేదు. అప్పుడే గంట మోగింది.

తలుపు ఆయనే తీశారు. వచ్చినావిడ భుజాన సంచి ఇంకా దింపకముందే, "అమ్మా, మిమ్మల్ని అనవసరంగా ఇంత దూరం రప్పించాను. ఆ ముల్లు అసలుది కాదు. నాకే ఇప్పుడు తెలిసింది. మా ఆవిడ చేసింది," అన్నారు.

శాస్త్రవేత్త అయినా లోపలికొచ్చి, భూతద్దం తీసి రాయి మీదికి వంగింది. చాలాసేపు లేవలేదు.

"పక్క ముల్లు మీదున్న సన్నగీతలు దీని మీద కూడా చెక్కారే! ఎన్నిసార్లు చేశారండీ?" అని మాస్టారి భార్యను అడిగింది.

"ఏడుసార్లు. ఆరు నచ్చలేదు. ల్యాబులో భోజనం వేళ కూర్చుని చేశాను."

మాస్టారు తలెత్తారు. "గీతలున్నాయని నీకెలా తెలుసు? భూతద్దంలో తప్ప కనబడవే!"

"ఆదివారం వస్తే మాకు వీపు చూపించి కూర్చునేవారు కదా. మీరు లేచాక నేనూ చూసేదాన్ని, మీకంత ముద్దొచ్చేది ఏముందా అని. తర్వాత నాకూ ముద్దొచ్చింది."

మాస్టారు రాయి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

శాస్త్రవేత్త తల పైకెత్తింది. "మిగతాదంతా అసలైనదే మాస్టారూ. కళ్ళు ఇంత చెక్కుచెదరకుండా ఉన్నవి మా దగ్గర లేవు. మీ పేరుతోనే ప్రదర్శనలో పెడతాం. ఈ ముల్లు ఒక్కటి తీసేయాలి. రెండు చుక్కల మందు వేస్తే ఊడొస్తుంది."

ఆమె సీసా మూత తిప్పబోతుంటే మాస్టారు రాయికి చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా. బీరువాలో ఏది కావాలన్నా తీసుకెళ్ళండి, దోమతో సహా. ఇది మాత్రం ఇవ్వను."

"నాన్నా! మ్యూజియంలో నీ పేరు..." అంది కూతురు.

"పేరు లేకపోతే పోయింది. ఈ ఇంట్లో ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ." ఆయన భార్య వైపు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అది సరేగానీ, ముందుకెందుకు వంచావు?"

"కోరపన్ను అలాగే చేస్తామండీ. చెయ్యి అలవాటు."

ముందు శాస్త్రవేత్త నవ్వింది, తర్వాత కూతురు, ఆఖరుకి మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆవిడ మాత్రం ఏడుస్తూనే నవ్వింది.

శాస్త్రవేత్త నాలుగు నత్తలూ ఒక చేపా తీసుకుని వెళ్ళాక, మాస్టారు కిటికీ దగ్గరున్న తన బల్ల ముందు ఇంకో కుర్చీ లాగి వేశారు. ఇంకా సగం రాతిలోనే ఉన్న ఒక నత్తను బల్ల మీద పెట్టి, సూది ఆవిడ చేతికిచ్చారు.