పంపుహౌస్ వెనక కుసుమపూలు

ముందు పుర్రె బయటపడింది.

నారాయణఖేడ్ కొత్త పార్కులో, పంపుహౌస్ వెనక. ఫిబ్రవరి మొదటి వారం, ఉదయం ఏడున్నర. భూమిలో నీళ్ళ పైపు పగిలింది. పార్కులో పనిచేసే సిద్దమ్మ పార పట్టుకుని తవ్వుతోంది. పారకు ఏదో గుల్లగా తగిలింది. కొబ్బరిచిప్ప అనుకుని చేత్తో పైకి తీసింది. కళ్ళు ఉండాల్సిన చోటునుంచి మట్టి రాలింది.

ఎనిమిదింటికి ఎస్సై అరుణజ్యోతి జీపు దిగింది.

ఆమెది కల్హేర్ దగ్గర రైతు కుటుంబం. ఈ స్టేషన్‌కు వచ్చి ఏడాది కావస్తోంది. క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటుంది. ఊళ్ళో అందరూ నమస్తే పెడతారు, పక్కకు జరుగుతారు. తిన్నావా అని అడిగేవాళ్ళు మాత్రం లేరు. పోలీసు ఇంటికి పక్కింటావిడ చక్కెర బదులుకు కూడా రాదు.

మధ్యాహ్నానికి దొరికినవన్నీ పట్టా మీదికి చేరాయి. పుర్రె, పక్కటెముకలు, భుజాలు, ముంజేతి ఎముకలు. వాటి పక్కన ఆకుపచ్చ గాజుల ముక్కలు. రెండు తెల్లటి గడ్డలు.

"సున్నం మేడం," అన్నాడు కానిస్టేబుల్ నాగేశ్. "గోడకు కొట్టిందే రాలింది."

ఆమె వాటిని కూడా కవర్లో వేయించింది.

గవర్నమెంట్ డాక్టర్ వచ్చి చూశాడు. బహుశా ఆడమనిషి, నడివయసు, చనిపోయి చాలా ఏళ్ళయి ఉంటుంది అన్నాడు. ఇంకొక్క మాట అన్నాడు. నడుము నుంచి కిందికి ఒక్క ఎముక కూడా లేదు.

ఆ మాట పార్కు గేటు దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. సాయంత్రానికల్లా ఊరు పంచనామా, తీర్పు రెండూ పూర్తి చేసింది. చనిపోయింది అమృతమ్మ. చంపింది మొగుడు మాణిక్యప్ప. చంపి, రెండు ముక్కలు చేశాడు.

మాణిక్యప్ప ఇల్లు పార్కు గోడకు ఆనుకునే ఉంది. బజార్లో టైలరు. చూపు తగ్గాక షాపు మూసేశాడు. పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళ కింద ఒక పొద్దున ఆయన షాపుకు వెళ్ళాడు, మధ్యాహ్నం వచ్చేసరికి అమృతమ్మ లేదు. పుట్టింటికి పోయిందని కొన్నాళ్ళు చెప్పాడు. చెల్లెలింట్లో ఉందని కొన్నాళ్ళు చెప్పాడు. తర్వాత ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. స్టేషన్‌కు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఊరి అనుమానానికి అంతకంటే ఏం కావాలి?

అరుణజ్యోతి ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన తలుపు తీసి, కుర్చీ వేసి, తాను నిలబడ్డాడు. భార్యతో గొడవ పడ్డావా అంటే పడ్డానన్నాడు. దేనికంటే గుర్తులేదన్నాడు. పార్కు గురించి అడిగితే మాత్రం మాటలు వచ్చాయి. అప్పట్లో అదంతా ఎర్ర మొరం నేల, ఖాళీ జాగా. చవితికి తుమ్మికూర అక్కడే దొరికేది. బతుకమ్మకు గునుగు, తంగేడు అక్కడే కోసుకొచ్చేది అమృతమ్మ. ఇప్పుడు ఆ వైపు కిటికీ తెరవడం మానేశానన్నాడు.

ఆమె గాజు ముక్క చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. అవుననలేదు, కాదనలేదు.

మరుసటి రోజు తెల్లారి ఆరింటికి మాణిక్యప్ప స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన ధోతి, ఇస్త్రీ చొక్కా.

"నేనే చంపిన," అన్నాడు.

నాగేశ్ మొహం వెలిగిపోయింది. అరుణజ్యోతి ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఎప్పుడు కాకా?"

"తొమ్మిదేండ్లాయె."

"ఎక్కడ పాతిపెట్టినవ్?"

"గా పంపుహౌస్ ఎన్క."

"అప్పుడు పంపుహౌస్ ఎక్కడిది?"

"గదే... గా జాగల."

"దేంతోని తవ్వినవ్?"

"గడ్డపారతోని."

"కాళ్ళేవి?"

ఆయన ఆగిపోయాడు.

"కాళ్ళేడ పెట్టినవ్ కాకా?"

"నరికిన," అన్నాడు మెల్లగా. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు. "కేసయినంక ఎముకలు నాకిస్తరా మేడం?"

చంపినవాడు శిక్ష ఎంతని అడుగుతాడు. బెయిల్ వస్తుందా అని అడుగుతాడు. ఎముకలు అడిగినవాణ్ణి అరుణజ్యోతి తన సర్వీసులో చూడలేదు. ఆయన్ని స్టేషన్లోనే కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక్కతే పార్కుకు వెళ్ళింది.

పార్కు ప్లానులో నాలుగు రకాల మొక్కలున్నాయి. లాన్ గడ్డి, గోడ పొడుగునా కోనోకార్పస్, దారి వెంట పామ్ చెట్లు, గేటు దగ్గర క్రోటన్లు. ప్లానులో లేనిది ఏది మొలిచినా పీకెయ్యాలని సిద్దమ్మకు ఆర్డర్. గదిలో కూర్చుని గీసినవాడికి తుమ్మి ఎందుకు గుర్తొస్తుంది? ఊళ్ళో ఇన్ని రకాల మొక్కలుండేవన్న సంగతి కూడా ఆయన కాగితంలో లేదు. సిద్దమ్మ శ్రద్ధగా పీకింది. ఎటు చూసినా ఒకటే పచ్చదనం, ఒక్క సీతాకోకచిలుక లేదు. చూస్తుంటే అరుణజ్యోతికి తన క్వార్టర్స్ గుర్తొచ్చింది. అది కూడా ఇలాగే శుభ్రంగా ఉంటుంది.

పంపుహౌస్ వెనక మాత్రం ఎవరూ చూడరు. అందుకని అక్కడ ఎవరూ పీకలేదు.

గుంట అంచున వంగి చూడబోతే కాలికి చురుక్కుమంది. ముల్లు. నడుమెత్తు మొక్కలు, ముళ్ళ ఆకులు, పసుప్పచ్చగా మొదలై నారింజ రంగుకు తిరిగే పూలు. చిన్నప్పుడు చేనిగట్టు మీద ఈ ముళ్ళు ఎన్ని గుచ్చుకున్నాయో లెక్కలేదు. కుసుమ.

కుసుమ ఇక్కడికెలా వచ్చింది?

కుసుమకు నల్లరేగడి కావాలి. ఇది ఎర్ర మొరం నేల. గుంటలోకి దిగి పార తీసుకుంది. పైన మోకాలిలోతు నల్లమట్టి. ఆ కింద పార ఖంగుమంది. మొరం. గడ్డపారతో కొట్టినా బెత్తెడు కూడా దిగదు.

ఎముకలు మొరంలో లేవు, పై మట్టిలో ఉన్నాయి.

ఆమె పదిన్నరకు కాంట్రాక్టర్ ధర్మేందర్‌ను పిలిపించింది. పార్కు మొత్తం వేసింది అతనే. నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుని వచ్చాడు.

"మట్టి ఎప్పుడు పోసినవ్?"

"పోయిన జూన్ మేడం."

"ఎక్కడిది?"

"చెరువు పూడిక. పర్మిషన్ ఉంది."

"చెరువు పూడికల కుసుమ మొలుస్తదా?"

"గాలికి వచ్చి పడ్డదేమో."

"కుసుమ గింజ గాలికి ఎగురుతదా?"

అతను కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. పోయిన జూన్‌లో నీ జేసీబీ ఎక్కడుందని అడిగింది. నాగల్‌గిద్ద వైపు రోడ్డు పని మీద ఉందన్నాడు. అంతవరకు నిజమే చెప్పాడు, ఎందుకంటే ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

నాగల్‌గిద్ద కర్ణాటక సరిహద్దు. దారిపొడుగునా కోతకొచ్చిన జొన్న. పశువులు పడకుండా చుట్టూ ముళ్ళ కుసుమ విత్తడం అక్కడ ఇంకా పోలేదు. కొత్త రోడ్డు పక్కన మూడో చేను దగ్గర అరుణజ్యోతి జీపు ఆపించింది. ఆ చేనికి మూల లేదు. మూల ఉండాల్సిన చోట పెద్ద గుంట. గుంట అంచున ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నుదుటన మూడు విభూతి రేఖలు.

ఆమె గుంటలోకి దిగింది. ఒక పక్క గోడను చేత్తో గోకి చూసింది. పైకొచ్చి, కవర్లోని తెల్లగడ్డ తీసి ముసలాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వాసన చూడలేదు, నలిపి చూడలేదు. కళ్ళకు అద్దుకున్నాడు.

తిరిగొచ్చి స్టేషన్ దగ్గర దిగుతూ ఆమె నాగేశ్‌తో రేపు పదింటికి అందర్నీ పార్కుకు రమ్మను అంది.

పదింటికి అందరూ వచ్చారు. ధర్మేందర్, సిద్దమ్మ, మాణిక్యప్ప. గేటు బయట సగం ఊరు. గోడ పక్కన, జీపులోంచి దిగిన ముసలాయన. పేరు సిద్రామప్ప అని ఎస్సై అందరికీ చెప్పింది.

తర్వాత మాణిక్యప్ప వైపు తిరిగింది.

"కాకా, నువ్వు తొమ్మిదేండ్ల కింద పాతిన అన్నవ్. ఈ మట్టి పోయిన జూన్‌ల వచ్చింది. కింద మొరంల గడ్డపార దిగదు. నువ్వు ఎవర్ని చంపలే."

మాణిక్యప్ప నేలచూపులు చూశాడు.

ఆమె చెప్పుకుపోయింది. ఎముకలు ఇక్కడ పాతినవి కావు. మట్టితో పాటు టిప్పర్‌లో వచ్చినవి. ఆ మట్టి నల్లరేగడి అని, కుసుమ వేసే చేనిదని పంపుహౌస్ వెనక మొక్కలే చెబుతున్నాయి. ముందువైపు కూడా మొలిచే ఉంటాయి. సిద్దమ్మ పీకిపారేసింది. ప్లాను ప్రకారం ఇక్కడ కూడా పీకి ఉంటే ఈ ఎముకలు ఎక్కడివో ఎప్పటికీ తెలిసేది కాదు.

"మరి సగమే ఎందుకున్నయ్ మేడం?" నాగేశ్ ఉండబట్టలేక అడిగాడు.

"లింగాయతులు ఎట్ల పూడుస్తరో చూసినవా?"

నాగేశ్ తల అడ్డంగా ఊపాడు.

"పడుకోబెట్టరు. మటం వేసి కూర్చోబెడ్తరు. పక్కన విభూతి గడ్డలు పెడ్తరు. నువ్వు సున్నం అన్నవి అవే. కూర్చున్న మనిషి మీద జేసీబీ బకెట్ పడ్డది. పై సగం ఎత్తుకపోయింది. కింది సగం ఇప్పటికీ ఆ గుంట గోడలనే ఉంది. కాళ్ళు మడిచి, కూర్చున్నది కూర్చున్నట్టే. నిన్న నేను చూసిన."

సిద్దమ్మ చెప్పులు విడిచి గుంటకు దండం పెట్టింది.

సిద్రామప్ప దవాఖానలో ఉన్న రోజుల్లో ధర్మేందర్ జేసీబీ ఆయన చేనిలోకి దిగింది. రోడ్డు పని నుంచి ఖాళీగా తిరిగొచ్చే టిప్పర్లకు నల్లమట్టి నింపింది. పేపర్ మీద చెరువు పూడిక, టిప్పర్‌లో సిద్రామప్ప భార్య కల్లమ్మ. ముసలాయన ఇంటికొచ్చి చూస్తే భార్య సమాధి ఉన్న చోట గుంట. అడిగితే ధర్మేందర్ మనుషులు మా బండి కాదన్నారు. ఎనిమిది నెలలుగా ఆయన రోజూ వచ్చి ఆ అంచున కూర్చుంటున్నాడు.

"ఊరోళ్ళకు చెప్పిన," అన్నాడు సిద్రామప్ప. "నక్కరు. నవ్విండ్రు. సమాధి ఎవడన్న ఎత్తుకపోతడా అజ్జా అన్నరు."

ధర్మేందర్ ఏదో అనబోయాడు. నాగేశ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. మట్టి దొంగతనం, సమాధి తవ్వకం, రెండు కేసులు. కళ్ళద్దాలు గడ్డిలో పడితే తీసుకోనివ్వలేదు.

జనం కదిలారు. నిన్నటిదాకా మాణిక్యప్పను హంతకుడన్నవాళ్ళే దగ్గరికొచ్చి, మాకు ముందే తెలుసు, నువ్వట్లాంటోనివి కాదని అన్నారు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. ఎస్సై దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అంటే ఆమె కాదా?"

"కాదు కాకా."

"గాజులు గట్లనే ఉండె."

"ఎందుకు ఒప్పుకున్నవ్?"

"దొరికిందనుకున్న మేడం. చంపిన అంటే కేసయితది, అయినంక ఇస్తరు, నా చేతులతోని కాష్టం పెట్టొచ్చు అనుకున్న. ఇగ ఎదురుచూసుడు అయిపోతదనుకున్న."

నిర్దోషి అని తేలిన మనిషి మొహం అంత చిన్నబోవడం అరుణజ్యోతి చూడలేకపోయింది.

ల్యాబ్ రిపోర్టు రావడానికి నెల పట్టింది. ఎముకలు సిద్రామప్పకు అప్పగించిన రోజు మాణిక్యప్ప తాను కూడా వస్తానన్నాడు. నాగల్‌గిద్దలో కల్లమ్మను మళ్ళీ ఒక్కచోట చేర్చి కూర్చోబెట్టారు. కొత్త విభూతి పెట్టారు. అందరితో పాటు మాణిక్యప్ప కూడా మట్టి వేశాడు. వచ్చేముందు సిద్రామప్ప ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నారాయణఖేడ్‌లో జీపు ఆయన ఇంటి ముందు ఆగింది. మాణిక్యప్ప దిగలేదు.

"స్టేషన్‌కు పోదాం," అన్నాడు. "మిస్సింగ్ కంప్లైంట్ ఇస్త."

"తొమ్మిదేండ్లు ఎందుకియ్యలే కాకా?"

"ఇస్తే ఇడిసిపెట్టి పోయిందని ఒప్పుకున్నట్టే గద."

స్టేషన్లో అరుణజ్యోతి తానే పెన్ను తీసుకుంది. పేరు చెప్పాడు. ఎత్తు తన భుజం దాకా అన్నాడు. రంగు చామనఛాయ. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. తెలుగు, కొంచెం కన్నడ వస్తుంది. పోయిన రోజు తొడుక్కున్నది తాను కుట్టిన ఆకుపచ్చ జాకెట్టే అన్నాడు, గబగబా, ఇన్నేళ్ళూ నోట్లో పెట్టుకున్నట్టు.

"జుట్టు?"

"నల్లగ, పొడుగ్గ..."

అక్కడ ఆగాడు. ఆమె పెన్ను ఎత్తి పట్టుకునే ఉంది.

"నెరిసిందో ఏమో మేడం. ఎక్కువ తక్కువ అరవై ఏండ్లుంటయ్ గద ఇప్పుడు." ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. "ఇప్పుడెట్లుంటదో నాకు తెల్వది. ఎదురుంగ వచ్చినా గుర్తువడ్తనో లేదో."