గొట్టం మీద పదకొండు దెబ్బలు

మా సందు చివరి ఇంటికి చెడ్డపేరు ఎప్పుడొచ్చిందంటే గట్టిగా చెప్పలేను. కిటికీలకి పలకలు కొట్టింది ముందా, లోపల చప్పుడు మొదలైంది ముందా... ఈ రెండూ నా బుర్రలో రోజుకోసారి చోటు మార్చుకుంటున్నాయి. ఇకపైన కూడా ముందుది వెనక, వెనకది ముందు రాస్తానేమో. జరగనిది మాత్రం రాయను.

పొద్దు వాలితే ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. అవతలి పక్కకి దాటి, ఆ గోడ అయిపోయాక మళ్ళీ ఇవతలికి వచ్చేవాళ్ళు. ఎందుకంటే లోపల, మనిషి లేని ఇంట్లో, టక్... టక్... టక్... అని ఏదో కొట్టుకునేది. కాసేపు ఆగేది. మళ్ళీ మొదలయ్యేది.

ఆ ఇంట్లో పూర్వం బట్టలు కుట్టే ఆవిడ ఒకతె ఉండేది. సందంతా టైలరమ్మ అనే పిలిచేవాళ్ళం. నా నీలం కోటుకి మూడుసార్లు లోపలి గుడ్డ మార్చింది ఆవిడే. ఒక చలికాలం ఆవిడ కనిపించడం మానేసింది. ఎక్కడో ఉండే తమ్ముడు వచ్చి ఇల్లు మూయించాడు. జబ్బుచేసి బంధువులింటికి వెళ్ళిందని ఒకరు, పోయిందని ఒకరు. అడిగి తెలుసుకున్నవాళ్ళు లేరు.

ఆ తర్వాత చప్పుడు. "టైలరమ్మ ఇంకా మిషను తొక్కుతోంది. ఇవ్వాల్సిన బట్టలు మిగిలిపోయాయి పాపం" అనే మాట పుట్టింది. పిల్లలు అన్నం తినకపోతే ఆ మాట చెప్పి తినిపించేవాళ్ళు. ఆ మాట మొదట అన్నదెవరో నాకు బాగా గుర్తుంది.

నేనే.

ఆ ఇంటి తలుపు తీసింది మాత్రం మా చెల్లెలి కూతురు. నా దగ్గరే ఉంటుంది. ఇక్కడి నుంచి రాసేది చాలామటుకు అది చెప్పిందే. కొంత నేను గేటు దగ్గర నిలబడి విన్నది.

దాని ఉద్యోగం ఒక చిన్న రేడియో స్టేషన్లో. గురువారం సాయంత్రం ఒక గంట దానిది. పేరూ ఊరూ తెలియని బృందాల సంగీతం ఎక్కడెక్కడి నుంచో వెతికి పట్టుకొచ్చి వినిపిస్తుంది. "పాతాళ పావురాలు", "ఉప్పు దీపం", "నిద్రలో మెట్లు"... ఇవీ ఆ బృందాల పేర్లు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. మొదటి పది నిమిషాలూ పొగలాగా ఏదో కమ్ముకుంటూ ఉంటుంది. ఆ తర్వాత గిటారు, ఎవరో మెడ పిసుకుతున్నట్టు మూలగడం మొదలెడుతుంది. పాటగాడు ఎప్పుడొస్తాడా అని చూస్తుంటే పాటే అయిపోతుంది.

"ఏమిటే ఇది, గొంతులో కఫం అడ్డం పడ్డట్టు?" అనేదాన్ని.

"అది వాతావరణం పెద్దమ్మా. సంగీతంలో వాతావరణం."

"అయితే గొడుగు తెచ్చుకుంటానుండు."

"అబ్బా! కళ్ళు మూసుకుని విను. రంగులు కనిపిస్తాయి."

"మొన్న బీపీ పెరిగినప్పుడూ కనిపించాయి. డాక్టరు మాత్ర రాశాడు."

నవ్వేది. కానీ దాని పని దగ్గర నవ్వులాట లేదు. దానికి ఒక నియమం ఉంది. పాటలో ఏ వాద్యం ఎవరు వాయించారో, అందరి పేర్లూ చదివాకే పాట వేస్తుంది. "ఎవరికీ తెలియకుండా మిగిలిపోయేవాళ్ళ కోసం కదా పెద్దమ్మా నేనీ గంట నడిపేది? వాళ్ళ పేరు నేనే మింగేస్తే ఎలా?" అనేది.

అలాంటిది, ఒక్కసారి ఆ నియమం తప్పింది.

పోస్టులో ఒక క్యాసెట్టు వచ్చింది. పంపినవాళ్ళ చిరునామా లేదు. లోపలి చీటీలో గిటారుకీ, కీబోర్డుకీ ఒకే మనిషి పేరు. లయ వాయించినవారు అన్నచోట ఖాళీ. ఆ ఖాళీయే దాన్ని పట్టుకుంది. ఎందుకంటే పాటకి ప్రాణమంతా ఆ లయలోనే ఉందట.

"పదకొండు దెబ్బలు, ఒక విరామం. మళ్ళీ పదకొండు. ఎనిమిదీ కాదు, పదహారూ కాదు... పదకొండు! అదీ డోలు కాదు, తబలా కాదు. ఏదో లోహం. ఎంత ధైర్యం ఉంటే అలా వాయిస్తారు పెద్దమ్మా!"

ఉండబట్టలేక వేసేసింది. వేశాక రేడియోలోనే అడిగింది. "ఈ లయ వాయించినవారు ఎవరో, ఎక్కడున్నా సరే, దయచేసి మీ పేరు చెప్పండి. వచ్చే వారం అందరికీ చెబుతాను" అని మాటిచ్చింది.

పేరు రాలేదు. ఇంకో క్యాసెట్టు వచ్చింది. ఈసారి దెబ్బలు మరింత గట్టిగా, తొందర తొందరగా ఉన్నాయి. "ప్రాణం పెట్టి వాయించారు" అని రేడియోలో మెచ్చుకుంది. మళ్ళీ పేరడిగింది. వినేవాళ్ళ నుంచి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, అందరిదీ అదే ప్రశ్న. ఆ ఒక్క పేరు మాత్రం రాలేదు. ఇచ్చిన మాట తప్పానని పిల్లకి నిద్ర పట్టడం మానేసింది.

ఒక సాయంత్రం వంటింట్లో కూర్చుని ఆ క్యాసెట్టు మళ్ళీ పెట్టింది. నేను కూరగాయలు తరుగుతున్నాను. మధ్యలో ఒకచోట... ఖళ్... ఖళ్... ఖళ్... అని మూడు దగ్గులు. వెంటనే నేల అడుగు నుంచి వచ్చినట్టు ఒక పొడుగాటి మూలుగు.

"ఇదిగో, ఈ చోటు విను" అంది కళ్ళు మూసుకుని. "ఇలాంటి శబ్దం ఏ యంత్రంతో తీశాడో ఎవరికీ అంతుపట్టడం లేదు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"యంత్రం కాదే. అది మన కుళాయి."

"ఏంటి?"

గడియారం చూశాను. ఆరుకి ఇంకో నిమిషం. "ఆగు" అన్నాను. ఇద్దరం కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాం. ఆరైంది. నీళ్ళు వదిలారు.

ఖళ్... ఖళ్... ఖళ్...

తర్వాత మూలుగు.

పిల్ల లేచి క్యాసెట్టు ఆపేసింది. మా సందు చివర నీళ్ళ గొట్టం పగిలితే ఎవడో అడ్డదిడ్డంగా అతికిపోయాడు. అప్పటి నుంచీ ఆ దగ్గు మా సందుకే సొంతం, పక్క సందులో కూడా వినపడదు. అతికిన చోటు ఎక్కడో నాకు తెలుసు. ఆ ఇంటి గోడ కిందే. ఆ టక్ టక్ ఎక్కడిదో కూడా అప్పుడు తెలిసింది.

"చివరింటిదే అది... దెయ్యం ఇంటిది" అన్నాను.

పిల్ల మొహం వెలిగిపోయింది. "దెయ్యమైనా సరే, దానికో పేరుంటుందిగా. అడిగొస్తా!"

నేను ఆ ఇంటి గేటు దాటలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నొప్పులు ఉన్నమాట నిజమే.

చీకటి పడింది. అది వెనక సందులోంచి వెళ్ళింది. పెరటి తలుపుకి తీగ చుట్టి ఉంది. విప్పి, టార్చి వేసుకుని లోపలికి అడుగుపెట్టింది.

ముందు వాసన తగిలిందట. నానిన గుడ్డ, విరిగిన పాలు, ఇంకేదో... నాలుక మీద జిడ్డులా పేరుకునే వాసన. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి, లోపలి శబ్దం బయటికి పోకుండా. ఒక్కో గుంటలో ఒక్కో బొద్దింక. టార్చి పడితే గోడంతా కదిలింది.

ఆ మురికి మధ్యలో ఒక బల్ల. దాని మీద రికార్డు చేసే యంత్రాలు. దుమ్ము రవ్వ లేదు. తీగలన్నీ జడలల్లినట్టు ముచ్చటగా కట్టి ఉన్నాయి. ఒక తీగ మాత్రం బల్ల దిగి, గోడ వారగా పోయి, నీళ్ళ గొట్టం దగ్గర ఆగింది. డాక్టర్లు గుండెమీద ఆనించే బిళ్ళంత మైకు... గొట్టానికి కట్టి ఉంది. దాని చుట్టూ శుభ్రమైన దూది.

గొట్టం నేలలోంచి కిందకి దిగింది. పక్కనే మెట్లు.

మెట్లు దిగుతుంటే వాసన పెరిగింది. చివరి మెట్టు దగ్గర ఒక తలుపు. గడియ బయట వైపు ఉంది. బయట వైపు ఎందుకుందని అప్పుడు తట్టలేదట దానికి. కళాకారుడు సిగ్గరి అనుకుంది.

తలుపుకి నోరానించి గుసగుసగా అడిగింది. "ఎవరండీ?... లయ వాయించేది మీరేనా?"

చెవి ఆనించింది.

టక్.

తర్వాత... టక్ టక్ టక్ టక్... లెక్కపెట్టడానికి కుదరనంత వేగంగా. గొట్టం అదిరిపోయింది. ఆ అదురు నాకు గేటు దగ్గర కూడా తెలిసింది.

పిల్ల గడియ తీసింది.

కాసేపటికి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, గేటు పట్టుకుని, నా కాళ్ళ దగ్గరే వాంతి చేసుకుంది. "పెద్దమ్మా... బతికే ఉంది..." అంది.

"ఎవరే?" అన్నాను. తెలియక కాదు.

"వేలికి ఇనుప తొడుగుంది. సూది గుచ్చుకోకుండా వేసుకునేది... దాంతో కొడుతోంది."

ఎదురు బేకరీ ఆయన్ని కేకేసి, అంబులెన్సుకి ఫోను చేయించాం. వాళ్ళు మోసుకొస్తుంటే చూశాను. చూడాలనిపించి కాదు. అన్నేళ్ళు దాటుకుపోయాక ఆ పూట కూడా మొహం తిప్పుకుంటే ఇక నేనెందుకు? పక్షవాతం. ఎడమ వైపు మొత్తం పడిపోయింది. కుడి చెయ్యి ఒక్కటే ఆడుతోంది. వీపు పరుపుకి అంటుకుపోతే దుప్పటితో సహా ఎత్తారు. గిన్నెలో మిగిలిన తిండి మీద బూజు వెంట్రుకల్లా లేచి ఉంది. ఆ గదిలో శుభ్రంగా ఉన్న వస్తువు ఒక్కటే, తలవైపు పెట్టిన చిన్న రేడియో. కొత్త బ్యాటరీలు.

పదకొండు ఎందుకో కూడా ఆ రోజే తెలిసింది. పదకొండు కొట్టేసరికి ఆ చెయ్యి పడిపోతుంది.

తమ్ముణ్ణి మర్నాడు పట్టుకున్నారు. ఏడవలేదట. పోలీసాయనకి ఎంతో మర్యాదగా వివరించాడట. "ఆ లయ నేర్పితే వచ్చేది కాదండీ. అక్కకి సంగీతమంటే ఇష్టం, అందుకే రేడియో పెట్టాను. తిండి కాస్త ఆలస్యమైన రోజు ఇంకా బాగా వచ్చేది" అన్నాడట.

ఛీ! ఈ మాట రాసి లేచి చేతులు కడుక్కొచ్చాను.

కడుక్కున్నదీ ఆ నీళ్ళతోనే. అన్నేళ్ళూ నేను తాగింది ఆ గొట్టంలోంచే. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఆ టక్ టక్ సన్నగా నా వంటింటి కుళాయిలోకీ వచ్చేది. వస్తే ఏం చేసేదాన్నో మరిచిపోతే బాగుండును. కుళాయి తిప్పేసేదాన్ని, నీళ్ళ హోరులో వినపడకుండా. మరుపు నాకు కావలసినవన్నీ తీసుకుపోతోంది గానీ ఇది తీసుకుపోవడం లేదు.

పేపర్లో అంతా వచ్చాక కూడా స్టేషనుకి ఉత్తరాలు ఆగలేదు. "ఆ పదకొండు దెబ్బల పాట మళ్ళీ వెయ్యండి" అని. పిల్ల వాటిని చించి, చించిన చేతులు చీరకి తుడుచుకుంది.

నెల దాటాక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, టైలరమ్మ మాట్లాడుతోందని. ఇద్దరం వెళ్ళాం. మాట ముద్దగా వస్తోంది. నర్సమ్మ దగ్గరగా వంగి విని మాకు చెప్పేది. నన్ను గుర్తుపట్టింది. కోటు గురించి అడిగింది. నేను నేల చూశాను.

తర్వాత పిల్ల "నమస్కారమండీ" అందో లేదో, ఆ గొంతు వినగానే టైలరమ్మ తల తిప్పింది. చాలాసేపు చూసింది. ఈసారి నర్సమ్మ అవసరం లేకపోయింది. మాట మాట విడివిడిగా మాకే అర్థమైంది.

"రేడియోలో... అడిగింది నువ్వేగా... ఎవరు మీరు, పేరు చెప్పండి అని?"

పిల్ల తలూపింది.

"వెంటనే... నేనే, ఇక్కడున్నాను... అని గట్టిగా కొట్టాను. మళ్ళీ అడిగావు. మళ్ళీ కొట్టాను..." ఊపిరి తీసుకుంది. కోపం లేదు ఆ మొహంలో. అర్థంకాని విషయం అడిగి తెలుసుకుంటున్నట్టుంది, అంతే. "నువ్వు బాగుందన్నావు... ఇంకో పాట పెట్టావు."

పిల్లా, ఇది నువ్వే చదివి, బృందాల పేర్లు ఒకసారి చూసిపెట్టు. "ఉప్పు దీపం"దీ "నిద్రలో మెట్లు"దీ రెండు పాటలు నాకు ఒకటిగా కలిసిపోతున్నాయి, పావురాలు పాతాళంలోవో ఆకాశంలోవో కూడా రూఢిగా తెలియదు. తప్పులుంటే దిద్దు. టైలరమ్మ తమ్ముడు తన బృందానికి పెట్టుకున్న పేరు ఎక్కడా కనిపించకపోతే, పెద్దమ్మ మరిచిపోయిందని జాలిపడి కలిపేవు సుమా. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అది రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు.