చేతులు చాచండి

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకి ఆ ఇంట్లో నలుగురు ఉన్నారు. కింది గదిలో కుట్టు మిషన్ ముందు పిన్ని. నిలువుటద్దం ముందు ఆకుపచ్చ కోటు తొడిగి చూసుకుంటున్న మేడమ్. నేల మీద గుడ్డ పరిచి, పాడైన రెండో మిషన్ని విప్పుకుని కూర్చున్న మెకానిక్. పై గదిలో తలుపు దగ్గరగా వేసుకుని యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్న తూనీగ.

నలుగురిలోనూ పైకి కనిపించే పనే నిజంగా చేస్తున్నది పిన్ని ఒక్కతే.

మెకానిక్ అసలు మెకానిక్ కాదు, డిపార్ట్‌మెంట్ చీఫ్. ఏజెంట్లంతా ఆయన్ని మాస్టారు అంటారు. మేడమ్ ఏదో పెద్ద కంపెనీలో ఆఫీసరని పిన్ని నమ్మకం. నిజానికి ఆమె డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిలా తిరుగుతూ అక్కడి గుట్టు డిపార్ట్‌మెంట్‌కి అందిస్తుంది. ఆమె గుమ్మంలోకి రాకముందే ఆమె సెంటు వచ్చి గదిలో కూర్చుంటుంది. తూనీగ అన్నది కోడ్ నేమ్. పిన్నికి మాత్రం తను అక్క కూతురు, అక్క పోయాక చంకనేసుకుని పెంచిన పిల్ల, ఎయిర్‌పోర్టులో టికెట్లు చూసే ఉద్యోగం. రెండేళ్ళుగా తన ఇల్లు సేఫ్ హౌస్ అయిందని పిన్నికి తెలీదు. కస్టమర్లు పెరిగారని సంతోషించింది, అంతే.

"నాయనా, గంట నుంచి ఆ ఒక్క స్క్రూనే తిప్పుతున్నావు," అంది పిన్ని మెకానిక్‌తో. "అది బిగించడానికా, ఊడదీయడానికా? ముందు తేల్చుకో."

"పాత మిషన్ కదమ్మా."

"మిషన్ పాతదే. నీ చెయ్యే మరీ కొత్తగా ఉంది."

మేడమ్ నవ్వింది. "పాపం, పోనివ్వండి పిన్నీ. ఇవాళే కదూ మీ ప్రయాణం?"

"అవునమ్మా, పదకొండూ నలభైకి. విమానం ఎక్కడం ఇదే మొదలు." పిన్ని దారం కొరికింది. బాబాయి ఓడలో వంటవాడు. పోయిన వారం పరాయి రేవులో గుండె పట్టుకుని పడిపోతే ఆస్పత్రిలో చేర్చారు. రేపు పొద్దున్న ఏడింటికి ఆపరేషన్. "మత్తు ఇచ్చేలోపు ఒక్కసారి వచ్చి మొహం చూపించు అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. మిగతావన్నీ అడక్కుండానే తీసుకున్నాడు."

హ్యాంగరుకి నీలం కోటు వేలాడుతోంది. విమానంలో చలేస్తుందని ఎవరో చెబితే, వారం రోజులు కూర్చుని తన కోసం తను కుట్టుకుంది. అందరికీ కుట్టే మనిషి తనకంటూ కుట్టుకున్న మొదటి కోటు అది.

మెకానిక్ చేతులు కడుక్కొస్తానని మేడ మెట్లు ఎక్కాడు. తలుపు మీద రెండు పొట్టి దెబ్బలు, ఒకటి పొడుగు.

"దారం ఏ నంబరు?" లోపల్నుంచి తూనీగ.

"నలభై. తెల్లది."

లోపలికి రాగానే ఆయన గొంతు మారింది. "ఆపరేషన్ సూది. ఒక్కసారే చెప్తాను. తీరంలోని రాడార్లన్నిటి కోడ్లూ గోరంత చిప్‌లో ఉన్నాయి. నిన్న దొంగిలించారు. ఇవాళ పదకొండూ నలభై ఫ్లైట్‌లో దేశం దాటిస్తారు. దాటిందా, రేపటికి మన తీరం మొత్తం గుడ్డిది."

"క్యారియర్?"

"మేడమ్ కబురు ప్రకారం ఆడమనిషి. యాభై దాటింది. మొదటిసారి విమానం ఎక్కుతోంది. కుట్టుపని చేస్తుంది. చిప్ కోటు లైనింగ్‌లో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలిసి ఉండొచ్చు, తెలియకపోనూ వచ్చు."

కింద మిషన్ ఆగి ఆగి నడుస్తోంది.

"ఆవిడ మా పిన్ని సార్."

"తెలుసు."

"ఇప్పుడే కిందికి వెళ్ళి అడుగుతాను."

"అడిగితే జాగ్రత్తపడుతుంది. వెనకాల ఎవరైనా ఉంటే వాళ్ళూ జాగ్రత్తపడతారు. ఎయిర్‌పోర్టు తనిఖీ లేన్‌లోనే పట్టుకోవాలి. నీకు కష్టమైతే చెప్పు, ఇంకొకరిని పెడతాను. పై పోస్టింగ్ కూడా వాళ్ళకే ఇస్తాను."

తూనీగ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మా పిన్ని అలాంటిది కాదు అని ఒక్క మాట అనాల్సింది.

"నేనే చూసుకుంటాను సార్," అంది.

ఈ పనిలో ఆమెను మించినవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో లేరు. రెండేళ్ళలో ఏడు దేశాలు తిరిగి, ఏ విమానాశ్రయంలో తనిఖీ ఎలా ఉంటుందో పోల్చి రిపోర్టు రాసింది. ఒక దేశంలో బూట్లు విప్పించి, మనిషికి లేని మర్యాద వాటికి చేసి విడిగా ట్రేలో కూర్చోబెడతారు. ఒక దేశంలో సంచి జోలికే రారు. కళ్ళలోకి చూస్తూ "ఈ సంచి ఎవరు సర్దారు?" అని అయిదు రకాలుగా అడుగుతారు. అయిదోసారికి, సర్దింది నేనేనా అని మనకే అనుమానం వస్తుంది. ఒకచోట ఒంటి మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ క్షమించమంటారు. ఒకచోట అరచేతులు దూదితో తుడిచి ఆ దూదిని మిషన్‌కి వాసన చూపిస్తారు. ఇంకొకచోట గాజు గది. నేల మీద పాదాల బొమ్మలుంటాయి. వాటి మీద కాళ్ళు ఎడంగా పెట్టి, లొంగిపోయిన దొంగలా చేతులు తలపైకి ఎత్తాలి. సొంత ఊరి విమానాశ్రయంలో అయితే చెక్క పీట ఎక్కి చేతులు పక్కలకి చాస్తే చాలు. పద్ధతి ఏదైనా, బెల్టు తీసేసి ప్యాంటు జారకుండా పట్టుకుని నిలబడ్డాక ఏజెంటుకీ దొంగకీ తేడా ఉండదని రిపోర్టు చివర్లో రాసింది. మాస్టారు ఆ వాక్యం కొట్టేశాడు.

పదిన్నర దాటింది. మూడో లేన్ దగ్గర తూనీగ సెక్యూరిటీ ఆఫీసర్ యూనిఫారంలో నిలబడి ఉంది. టోపీ, మాస్క్, పెద్ద కళ్ళజోడు. చెవిలో బఠానీ గింజంత ఇయర్‌పీస్.

పిన్ని వచ్చింది. పీట ఎక్కి కిందికి వంగి చూసింది. ముల్లు ఎక్కడుందా అని వెతుకుతోంది. బరువు తూచే మిషన్ అనుకుంది.

"చేతులు చాచండి," అంది లేన్‌లో ఉన్న ఆఫీసరమ్మ.

పిన్ని నవ్వింది. "ముప్పై ఏళ్ళుగా అందరికీ నేను చెప్పే మాట తల్లీ ఇది. నాకు చెప్పింది నువ్వే మొదలు."

చేతిలోని డిటెక్టర్ కూత పెట్టలేదు. ఆఫీసరమ్మ వెళ్ళమనబోయింది. తూనీగ వేలెత్తి కర్టెన్ ఉన్న బూత్ వైపు చూపించింది.

బూత్‌లో నీలం కోటు బల్ల మీద బోర్లా పడింది. బ్లేడు లైనింగ్‌లో దిగింది. తూనీగ కర్టెన్ ఇవతల నిలబడి, సందులోంచి చూస్తోంది.

"బ్లేడు వద్దమ్మా, గుడ్డ చీలుతుంది," అంటోంది పిన్ని. "కొస పోగు దొరకబుచ్చుకుని లాగు, కుట్టంతా అదే వచ్చేస్తుంది. ఇలా తే, నేను తీస్తాను. ఏం పోయిందని వెతుకుతున్నారు?"

లైనింగ్ మొత్తం ఊడింది. ఏమీ లేదు. కాలరు విప్పారు. ఏమీ లేదు.

"పై బట్టలు కూడా తీయండి," అంది ఆఫీసరమ్మ.

ఆ తర్వాత పిన్ని చీర విప్పుతున్న చప్పుడు వినపడింది. అదీ తూనీగ భరించింది. ఏడు దేశాల్లో తనని అలా నిలబెట్టినప్పుడు ఒంటి మీద చల్లగాలి ఎక్కడెక్కడ తగిలిందో ఆమెకి గుర్తుంది.

కర్టెన్ కదిలింది. లోపలి బట్టలతో, ఛాతీ మీద చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డ పిన్ని కళ్ళు తూనీగ మీద పడ్డాయి. మాస్క్ మీద కాదు, భుజాల మీద. కుడి భుజం ఎడమదానికంటే అరంగుళం కిందికి ఉండే పిల్ల లోకంలో ఒక్కతే ఉందని పిన్నికి తెలుసు. ఆ కొలతతో ఎన్ని బట్టలు కుట్టిందో లెక్కలేదు.

పిన్ని మొహం విప్పారింది. "హమ్మయ్య, నువ్వున్నావా తల్లీ. నేనెవరో వీళ్ళకి చెప్పవే. టైం అయిపోతోంది, మీ బాబాయి ఎదురుచూస్తూ ఉంటాడు."

ఆఫీసరమ్మ తూనీగ వైపు తిరిగింది. "మీకు తెలిసినావిడా?"

మారువేషం బయటపడితే పని చెడుతుంది. పని చెడితే పోస్టింగ్ పోతుంది. తూనీగ మనసులో ఆ రెండూ ఆ వరసలో రాలేదు. పోస్టింగే ముందొచ్చింది.

"కాదు. ఈవిడెవరో నాకు తెలీదు," అంది.

పిన్ని, తెలియని మనిషి ముందు ఆడది ఎలా తిరుగుతుందో అలా, మెల్లిగా గోడ వైపు తిరిగింది.

తూనీగ ఆ వీపు చూడలేక పక్కకి చూసింది. చూపు రెండో లేన్ మీద పడింది.

అక్కడ తెల్లజుట్టు ముసలావిడ. చేతికర్ర, చెవికి చెవి మిషన్. "మొదటిసారి ఎక్కుతున్నా తల్లీ, నాకేం తెలీదు, అన్నీ నువ్వే చెప్పాలి," అంటోంది. అంటూనే, ఎవరూ చెప్పకముందే చెప్పులు విప్పింది. పీట ఎక్కి కాళ్ళు ఎడంగా పెట్టింది. రెండు చేతులూ తలపైకి ఎత్తి, మోచేతులు వంచి నిలబడింది.

"పక్కలకి చాచండి అవ్వా," అంది ఆ లేన్‌లో అమ్మాయి.

ఈ ఊళ్ళో గాజు గది లేదు. ఆ గదికి అలవాటు పడ్డ ఒళ్ళు మాత్రం ఇక్కడే ఉంది.

తూనీగకి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. నెల క్రితం మేడమ్ కోటు కొలతలకి వచ్చినప్పుడు టీ తాగుతూ తనే ఆమె ముందు గొప్పలు పోయింది: ఏడు దేశాల్లో అన్నీ విప్పించారు మేడమ్, చెవి మిషన్ తీయమన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మేడమ్ కప్పు కింద పెట్టి ఎంత శ్రద్ధగా విందో ఇప్పుడు గుర్తొచ్చింది. తన మాటే ముఠాకి దారి చూపించింది. అందరి కళ్ళూ పిన్ని కోటు మీద ఉంటే, పక్క లేన్ ఖాళీ.

ముసలావిడ అప్పటికే లేన్ దాటేసింది. గేట్ పన్నెండుకి ఆఖరి పిలుపు వినపడింది.

తూనీగ పరుగెత్తింది.

"ఈవిడ్ని ఏం చెయ్యమంటారు?" వెనకనుంచి ఆఫీసరమ్మ అరిచింది.

"ఉంచండి," అంది తూనీగ తిరిగి చూడకుండా.

వదిలెయ్యండి అనడానికీ అంతే సమయం పట్టేది.

గేట్ పన్నెండు. గాజు తలుపు సగం మూసుకుంది. ముసలావిడ బోర్డింగ్ పాస్ చింపించుకుని అడుగు లోపల పెట్టింది. తూనీగ తలుపు సందులో భుజం దూర్చి, ఆమె చెవి మీద అరచెయ్యి మూసింది. నిజమైన చెవి మిషన్ మీద చెయ్యి మూస్తే కూత పెడుతుంది. ఇది పెట్టలేదు.

"ఇది వినపడే మిషన్ కాదు అవ్వా. ఇటు ఇవ్వండి."

కర్ర గాల్లోకి లేచింది. తూనీగ వంగింది. రెండో దెబ్బకి కర్ర తూనీగ చేతిలో ఉంది, తెల్లజుట్టు నేల మీద ఉంది. విగ్గు కింద నల్లటి జుట్టు, ఆ జుట్టులోంచి తెలిసిన సెంటు. చెవి మిషన్ డొల్లలో గోరంత చిప్.

సంకెళ్ళు పడుతుంటే మేడమ్ అద్దంలో చూసుకున్నట్టు తూనీగని చూసింది. "పథకంలో నాకు ఒక్కచోటే అనుమానం ఉండేది. మాస్టారు ఒప్పుకుంటాడని తెలుసు. పెంచిన మనిషిని అలా నిలబెట్టడానికి నువ్వు ఒప్పుకుంటావని మాత్రం అనుకోలేదు. నన్ను గెలిపించబోయావు."

ఇయర్‌పీస్‌లో మాస్టారి గొంతు: "శభాష్ తూనీగా. పోస్టింగ్ నీదే." కంట్రోల్ రూమ్‌లో చప్పట్లు. ఎవరో చేతిలో కాఫీ పెట్టారు. ఎలా పట్టేశావని అడిగారు, చెప్పింది. చేతులు తలపైకి ఎత్తి చూపించింది కూడా. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో ఆమెకి పిన్ని ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

గుర్తొచ్చి బూత్‌కి పరుగెత్తేసరికి కర్టెన్ తీసి ఉంది. బల్ల మీద నీలం దారం ముక్కలున్నాయి. కిటికీలోంచి చూస్తే పదకొండూ నలభై విమానం రన్‌వే మీద తోక చూపిస్తోంది. "ఫ్లైట్ వెళ్ళిపోయిందని చెప్పాక ఆవిడ్ని పంపేశాం," అంది ఆఫీసరమ్మ. "దారం ముక్కలు ఏరబోయింది. మేం ఊడుస్తాంలే అన్నాం."

ఆ తర్వాత విమానం రేపు మధ్యాహ్నం. ఆపరేషన్ పొద్దున్న ఏడింటికి.

నాలుగు గంటలకి తూనీగ ఇంటికి వెళ్ళింది. యూనిఫారం తీసేసింది. చేతిలో రేపటి టికెట్. తలుపు తీసిన పిన్ని మెడలో టేపు, చేతిలో సూది. వెనక మిషన్ మీద నీలం కోటు. లైనింగ్ సగం దాకా మళ్ళీ కుట్టి ఉంది.

"పిన్నీ," అంది తూనీగ.

"మీ బాబాయి ఫోన్ చేశాడు. బయల్దేరావా అని." పిన్ని గుమ్మంలోంచి కదల్లేదు. "ఇక్కడ పెద్ద వాన, విమానాలు ఆపేశారన్నాను. అమ్మాయి అక్కడే ఉంది కదా, ఏదో ఒకటి చేసి నిన్ను ఎక్కించేదే, వాన గట్టిదే అయ్యుంటుందిలే అన్నాడు. అవునన్నాను."

"అది ఉద్యోగం పిన్నీ. నేను టికెట్లు చూసేదాన్ని కాను. దేశానికి సంబంధించిన పని. నీకు చెప్పకూడదు."

"చెప్పొద్దు." పిన్ని సూదిని కొంగుకి గుచ్చుకుంది. "దేశానికి కావాలంటే నాకొద్దా ఏంటే? పొద్దున్న మెట్లు దిగి వచ్చి, పిన్నీ, ఆ కోటు ఒకసారి విప్పాలి అంటే సరిపోయేది. నేనే కూర్చుని పోగు పోగూ విప్పి చూపించేదాన్ని. పది నిమిషాల పని."

తూనీగ టికెట్ ముందుకు చాచింది.

పిన్ని తీసుకుంది. తేదీ చూసింది, టైం చూసింది. మడిచి రవికలో పెట్టుకుంది.

"రేపు నువ్వు డ్యూటీలో ఉంటావా?"

"ఉండమంటే ఉంటాను."

"ఉండకు," అంది పిన్ని. "తెలియనివాళ్ళు చేస్తేనే నయం."

తలుపు వేసింది. లోపల పై గడియ పడింది, తర్వాత కింది గడియ, తర్వాత గొలుసు. డిపార్ట్‌మెంట్ వాడే ఏ తాళం చెవికీ లొంగని సరుకు అది. సేఫ్ హౌస్ కదా అని, పోయిన ఏడాది తూనీగే దగ్గరుండి పెట్టించింది.