నకలు డ్యామ్

కొండ మీంచి దిగిన కేబుల్ కార్ స్టేషన్లో ఆగి తలుపు తెరుచుకుంది. లోపల ఏజెంట్ దౌరెన్ గుండెలో బుల్లెట్‌తో కూర్చునే ఉన్నాడు. అతని బూటు మడమలో ఒక మెమరీ కార్డు దొరికింది.

మధ్యాహ్నానికల్లా ఆ కార్డు అల్మాటీలో మూతబడ్డ చెప్పుల ఫ్యాక్టరీకి, అంటే గూఢచారి డిపార్ట్‌మెంట్ రహస్య ల్యాబ్‌కి చేరింది. జనరల్ బైముర్జిన్ బ్రీఫింగ్ ఎప్పటిలాగే క్లుప్తంగా ఉంది.

"పైన డ్యామ్ నిండా నీళ్లున్నాయి. గేట్లు నడిపేది సోవియట్ కాలం నాటి కంప్యూటర్. విదేశీ ముఠా అందులో ఒక ప్రోగ్రామ్ దూర్చింది. సాయంత్రం ఆరింటికి గేట్లన్నీ బార్లా తెరుచుకుంటాయి."

"కరెంట్ తీసేస్తే?" అన్నాడు ఏజెంట్ ఒల్జాస్.

"అప్పుడూ తెరుచుకుంటాయి. కట్టినవాళ్ల తెలివి అది. ఆపాలంటే కోడ్ వర్డ్ కొట్టాలి. తప్పు కొట్టావో, ఆరు దాకా కూడా ఆగదు."

ఒల్జాస్ తల్లి ఇల్లు సరిగ్గా ఆ డ్యామ్ కింద వీధిలో ఉంది. ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

కోడ్ వర్డ్ తెచ్చింది మెరుయెర్త్. ఎర్ర కోటు, అరువు జుట్టు, రెండు వైపులా జీతం. "ముఠా దగ్గర రెండు మాటలు కాజేశాను. ఏది అసలుదో నీ అదృష్టం" అంది.

దౌరెన్ కార్డులో ఆ కంప్యూటర్ డిస్క్ మొత్తం నకలుంది. లైనక్స్ లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ అనే అనుకరణ ప్రోగ్రామ్ కడితే ఆ పాత మెషీన్ దాని లోపల మళ్లీ పుడుతుంది. అందులో గేట్లు ఎన్నిసార్లు తెరుచుకున్నా ఎవరూ చావరు.

ఒల్జాస్ బిల్డ్, అంటే కోడ్ నుంచి ఎమ్యులేటర్ కట్టే పని, మొదలుపెట్టాడు. కంగారులో ఏ మెషీన్ కావాలో చెప్పడం మరిచాడు, లోకంలో ఉన్న మెషీన్లన్నిటికీ కట్టడానికి కూర్చుంది ఆ మహాతల్లి. సగం మధ్యాహ్నం దానికే పోయింది. ఆపి ఒక్క పేరే ఇస్తే, తెర మీద బొమ్మలు గీసే లైబ్రరీ లేదంది. తెచ్చుకుందామంటే ముఠా ఇంటర్నెట్ కేబుల్ కోసేసింది. "బొమ్మలు నాకెందుకే, అక్షరాలు చాలు!" అని ఆ భాగం పీకేసి మళ్లీ కట్టాడు. చివరికి నల్లటి తెర మీద పాత మెషీన్ కళ్లు తెరిచింది.

మొదటి మాట కొట్టాడు. నకలు గేట్లు తెరుచుకున్నాయి. మళ్లీ మొదటి నుంచి నడిపి రెండో మాట కొట్టాడు. అప్పుడూ తెరుచుకున్నాయి.

మెరుయెర్త్ నవ్వింది. "నీ చేత అసలు దాని మీద కొట్టించడమే నా డ్యూటీ. నకలు చేస్తావనుకోలేదు." లిప్‌స్టిక్ తీసింది. అది పిస్తోలు. "భయపడకు. ఇందులో ఒక్కటే తూటా. దౌరెన్‌కి వాడేశాను. ఇంకా గంటుంది, పారిపో."

ఆమె వెళ్లిపోయింది. వెంటపడే టైమ్ లేదు. ఒల్జాస్‌కి ఏడుపొచ్చింది. ఇంకేం తోచక నకలు మెషీన్ గడియారాన్ని ముప్పై ఏళ్లు వెనక్కి పెట్టి నడిపాడు. ముఠా ప్రోగ్రామ్ తేదీ చూసుకుని, తన రోజు రాలేదనుకుని పడుకుంది. గేట్లు కదల్లేదు.

డ్యామ్‌కి ఫోన్ చేశాడు. డ్యూటీ ఇంజనీర్ రౌషన్ ఎత్తింది. ఆమె అందరికీ అప్కే, అంటే అక్క.

"రౌషన్ అప్కే, మెషీన్ గడియారం ముప్పై ఏళ్లు వెనక్కి తిప్పండి. ఆరయ్యేలోపు చాలు."

"ఏ ఆరు తమ్ముడూ? కొత్త టైమా, పాత టైమా?"

సర్కారు అల్మాటీ గడియారాలను గంట వెనక్కి జరిపిన నాటి నుంచీ ఊరంతా ఇదే ప్రశ్న. పాత టైమైతే ఆరు గంట ముందే కొడుతుంది.

"మెషీన్లో ఏది?"

"పాతదే. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవడికుంది? ఇందులో ఆరవబోతోంది."

"తిప్పు అప్కే! ఇప్పుడే!"

కీలు టకటకలాడాయి. తర్వాత ఏదో ఇనుము మూలిగింది.

"గేటు జానెడు లేచి ఆగింది" అంది రౌషన్, ఆయాసపడుతూ.

చీకటి పడకముందే జనరల్ వచ్చాడు. మెరుయెర్త్ విమానం అప్పటికే ఎగిరిపోయింది.

"ప్రోగ్రామ్ చచ్చిందా?"

"లేదు సార్. తీయడం ఎవరి వల్లా కాదు. నిద్రపోతోంది. ముప్పై ఏళ్లకు లేస్తుంది."

జనరల్ టోపీ పెట్టుకుని లేచాడు. "మంచిది, అప్పటికి నేనుండను. నువ్వు మాత్రం ఇల్లు కొనేటప్పుడు కొండ మీద చూసుకో."