పొయ్యికొక జాగా

"పొయ్యి మీద చెయ్యి పెట్టకున్రి సారూ, ఇంకా ఆరలే!"

ఆ మాట చెవిన పడేలోపే సత్యానందం చెయ్యి పెట్టేశాడు. ఐదు వేళ్లూ పచ్చి మట్టిలో దిగబడ్డాయి.

శాంతకుమారి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం తాను దొరికిపోయిన సంగతి గుర్తొచ్చి ఆ నవ్వు మాయమైంది.

"ఈ పొయ్యి ఎప్పుడు పెట్టిన్రు?"

"మొన్న."

"మొన్ననా?"

"నిన్న పొద్దుగూకినంక," అంది తల దించుకుని.

సత్యానందం సూర్యాపేట చర్చి పంతులుగారి అబ్బాయి. తాలూకా కచేరీలో కొత్తగా చేరిన గుమస్తా. పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తోంది. గరిడేపల్లి పడమట ఉన్న బంజరును ఇండ్ల జాగాలుగా విడదీసి, సొంత జాగా లేనివాళ్లకు పట్టాలియ్యమని పైనుంచి హుకుం వచ్చింది. ఎన్ని కుటుంబాలున్నాయో తేల్చడానికి కచేరీ ఒక కొలత పెట్టింది. ఒక పొయ్యికి ఒక జాగా.

శాంతకుమారికి, తల్లి అన్నమ్మకు సొంత పొయ్యి లేదు. కిందటేడు గడ్‌బడ్‌లో మోతెలో వాళ్ల ఇల్లు కాలిపోతే, అన్నమ్మ అన్న మైసయ్య బండి కట్టుకొని పోయి ఇద్దర్నీ తెచ్చుకున్నాడు. అప్పటినుంచి అందరికీ ఒకటే కుండ. మైసయ్య ఉండే గుడిసె దొర జాగాలో ఉంది. కప్పు మీద గడ్డి మార్చాలన్నా దొరను అడగాల్సిందే.

"ఒక్క అబద్ధం రాస్తే మీ కలం ఇరుగుతదా సారూ?"

"కలం ఇరగదు. కానీ మా పైన గిర్దావర్ సాబ్ తనిఖీకొచ్చి సూస్తడు. అబద్ధమని తేలితే మీ మామకొచ్చే జాగ గూడ పోతది."

ఆమె ముఖం చిన్నబోయింది. సత్యానందం వేళ్లకంటిన మట్టి తుడుచుకున్నాడు.

"సాబ్ వచ్చేది పదిహేను దినాలకు. గప్పటిదాక నిజంగనే వేరుగ వండుకోన్రి. పొగ లేస్తే రాస్త."

"పొగే కదా కావాల్సింది? మీ కచేరీ దాక లేపుత!"

అన్నట్టే లేపింది. రోజూ బంజరు కొలవడానికి గొలుసు పట్టుకుని ఆ దారినే వెళ్లేవాడు సత్యానందం. వేరే దారి లేకపోలేదు.

"ఇయ్యాల ఏం కూర?"

"గది గూడ లిస్టుల రాస్తరా?"

"రాయాలె. సాక్ష్యం."

"గోంగూర. ఉప్పెక్కువైంది. గా ముక్క గూడ రాసుకోన్రి."

అతడు నిజంగానే కాగితం తీసేవాడు. ఆమె ఊదుగొట్టం చూపించి బెదిరించేది. ఎదురుగా తన పొయ్యి దగ్గర కూర్చున్న మైసయ్య భార్య జానమ్మ వీళ్లిద్దర్నీ చూసి, చూడనట్టు ముఖం తిప్పుకునేది.

పదో రోజున వాన పట్టుకుంది. సత్యానందం కొలతల పటాన్ని చొక్కా లోపల దాచుకుని చింతచెట్టు కిందికి పరుగెత్తాడు. అప్పటికే అక్కడ గడ్డిమోపు దించి నిలబడి ఉంది శాంతకుమారి. ఆమె జుట్టు మీంచి నీళ్లు కారి కనురెప్పల దగ్గర ఆగుతున్నాయి. మొదట అవి వాన నీళ్లే అనుకున్నాడు. ఆమె ముక్కు చీదాక కన్నీళ్లని తెలిసింది.

"ఏమైంది?"

"మామ నాతోని మాట్లాడక ఆరు దినాలాయె. అమ్మతోని గూడ అంతే. మైసయ్య చెల్లెను వేరు పెట్టిండని వాడంత అంటున్నరట. మంచం అటు తిప్పుకొని పండుతున్నడు. మేము వండితే అటు సూడడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సాబ్ ముంగట మామే చెప్పాలట గదా, వీళ్లు వేరని? మామ చెప్పడు సారూ. చెప్పిపియ్యొద్దు గూడ. జాగ రాకున్నా మంచిదే."

"రాకుంటే మీ అమ్మ ఏడుంటది?"

ఆమె గడ్డిమోపు ఎత్తుకుని వానలోకే నడిచింది.

ఇంటి కోసం ఇల్లు విడిపోవాలా? ఆ రోజంతా సత్యానందాన్ని ఆ ప్రశ్న వదల్లేదు. ఒకే కుండలో తినేవాళ్లను ఒకటిగా చూడటం దేవుడి లెక్క. వాళ్లు విడిపోతే తప్ప సర్కారు కంటికి ఇద్దరుగా కనిపించరు. హుకుం రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. జాగా లేనివాళ్లకు జాగా ఇద్దామనే వాళ్లూ కూర్చుని ఉంటారు. మరి ఎక్కడ తప్పింది?

మర్నాడు పొద్దున మైసయ్య దగ్గరికి వెళ్లాడు. మైసయ్య తాడు పేనుతున్నాడు, తలెత్తలేదు.

"నా చెల్లె ఇల్లు కాలిననాడు బండి మీద తెచ్చుకున్న. ఆనాడు వేరు అన్లే. ఇయ్యాల జాగ కోసం అంటనా సారూ?"

"అనకు. లేనిది చెప్పమని నేను చెప్ప."

మైసయ్య చేతులు ఆగాయి.

"ఒక్కటే అడుగుత. ఈ గుడిసె దొరది. నువ్వున్నన్ని దినాలు దొర ఊకుంటడు. నీ తర్వాత మీ చెల్లె ఎవ్వల గడప తొక్కాలె?"

మైసయ్య సగం పేనిన తాడు పక్కన పెట్టాడు. సత్యానందం లేచి వచ్చేశాడు.

గిర్దావర్ వచ్చిన రోజు వాడంతా గుమిగూడింది. కుర్చీలో కూర్చుని ఒక్కో ఇంటాయన్ని పిలిచి అడుగుతున్నాడాయన. మైసయ్య వంతు వచ్చింది. శాంతకుమారి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"క్యా మైసయ్యా, రెండు పొయ్యిలు వేరు వేరా?"

మైసయ్య చెల్లెలి వంక చూశాడు. ఇన్ని రోజుల్లో ఆమె వంక చూడటం అదే మొదటిసారి.

"పొయ్యిలు వేరే సాబ్. మనుషులం వేరు గాదు. గట్ల రాసుకుంటే రాసుకోన్రి."

గిర్దావర్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "మనుషుల సంగతి రాయనీకి గీ కాగితంల గడి లేదు." కలం ముంచి, రెండు పొయ్యిలని రాశాడు.

ఆ మధ్యాహ్నం మైసయ్య పళ్లెం పట్టుకొచ్చి అన్నమ్మ పొయ్యి ముందు కూర్చున్నాడు. "ఏమొండినవ్ చెల్లే?" అన్నాడు. అన్నమ్మ వడ్డించబోయి, ముందు కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంది. ఎంతకీ కళ్లు తెరవకపోతే, "అన్నం సల్లారుతది," అని జానమ్మే గంటె అందుకుంది.

నెల తర్వాత పట్టాలిచ్చారు. పదకొండో నంబరు మైసయ్యకు, పక్కనే పన్నెండోది అన్నమ్మకు. కాగితం చూసిన శాంతకుమారి నేరుగా బంజరులో హద్దు మేకులు పాతిస్తున్న సత్యానందం ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మ పేరొక్కటే ఉన్నది. నా పేరేది? పదిహేను దినాలు పొగల కండ్లు పోగొట్టుకున్నది నేను."

"పట్టా ఎవ్వల పేరు మీదుంటే వాళ్లు ఇల్లు కట్టి ఆడనే ఉండాలె. లేకుంటే పట్టా రద్దయితది."

"అయితే? నేనుండనా?"

సత్యానందం గొలుసు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన గొలుసునే మళ్లీ చుట్టాడు.

"నాకు మిర్యాలగూడ బదిలీ అయింది. నీ పేరు గీడ రాస్తే, నువ్వు గాడికి రానీకి ఉండదని..."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడింది. కోపం మాత్రం పోలేదు.

"నన్ను అడగకుండనే?"

"తప్పే. ఇప్పుడు అడుగుతున్న. వస్తవా?"

శాంతకుమారి పాతిన మేకుల మధ్య ఖాళీ నేల వంక చూసింది.

"ముందు అమ్మకు గోడలు లేవాలె. కప్పు పడాలె. గప్పుడు చెప్త. గప్పటిదాక మిర్యాలగూడ నుంచి వచ్చి పోతవా?"

ఆమె మాటల్లో "మీరు" పోయి "నువ్వు" వచ్చినందుకే అతడు మిర్యాలగూడకు సగం దారి నడిచిపోగలడు.

"ప్రతి ఆదివారం వస్త. ప్రార్థన కాంగనే."

పదకొండో నంబరులోంచి మైసయ్య గొంతు వినిపించింది. "ఆదివారం వచ్చి ఏం జేస్తడు బిడ్డా, ముచ్చట్లా? శనివారం రమ్మను. పునాదికి రాళ్లు మోసేటోడు కావాలె."

"వస్త మామా!"

"అప్పుడే మామనా?" అన్నాడు మైసయ్య. అలా అన్నాడే గాని, జానమ్మ వైపు తిరిగి నవ్వుతున్నాడు.

శాంతకుమారి వంగి, మైసయ్య బండి దగ్గర పడి ఉన్న రాయి ఒకటి ఎత్తి సత్యానందం చేతుల్లో పెట్టింది.

"శనివారం దాక ఎందుకు?"