కిర్రుమిల్లులో కాగితం తినే దెయ్యం

పొద్దు గూకినాక ఆ కిర్రుమిల్లు పక్కకు పోవద్దప్పా. టీ తాగల్లంటే ఈడ్నే కూకో, బీడీ కాల్చల్లన్నా ఈడ్నే కాల్చుకో. ఆ గోడ కాడ నిలబడి, మల్ల నిమ్మళంగా ఇంటికి చేరినోడు ఆదోనిలో లేడు... అని నేనే అందరికీ సెప్తా ఉంటి. మొన్న మొన్నటిదాంక.

నా పేరు హుసేనమ్మ. మార్కెట్ యార్డు యెనక రోడ్డులో ఈ టీ అంగడి నాది. ఎదురుగా కనపడేది ఇంద్రసేనయ్య శెట్టి పాత జిన్నింగు మిల్లు. ఆడ పత్తి ఆడించి గింజలు తీసేది ఎప్పుడో మానేసినారు. మిషన్లు పోయినాయి, గబ్బిలాలు వచ్చినాయి. పగలు పక్క మిల్లు మోతలో ఏమీ ఇనపడదు. రాత్రి ఆ మోత ఆగుతాది సూడు — అప్పుడు మొదలయితాది.

కిర్ర్‌ర్‌ర్... కిర్ర్... కిర్ర్‌ర్‌ర్‌ర్...

ఎవరో గోళ్లతో రేకును గీరినట్టు. కొంచేపు ఆగుతాది. మల్ల గీరుతాది. మిషన్లో సెయ్యి పోగొట్టుకున్నోడు ఎవడో దాన్ని ఎతుక్కుంటాండాడని కొందరు. కాదు, అది ఆడదని కొందరు. ఆడదైతే నాకేమి, మగదైతే నాకేమి! రాత్రి గిరాకీ అంతా పాయె.

గోనెగండ్ల గిడ్డయ్య సంగతి ఇను. పత్తి బండి తోలుకొచ్చి, పొద్దున యార్డు టెండరుకు, అదే యేలానికి, పెడదామని ఆ గోడకే ఆనుకొని పండుకున్నాడు. రేటు ఎంతుందో సూద్దామని ఫోను తీసి, శెట్టి పత్తి రేట్లకు పెట్టిన యాప్‌లో నొక్కినాడు. లోపల కిర్ర్ మనింది! ఫోను మూసినాడు... ఆగింది. మల్ల నొక్కినాడు... మల్ల కిర్ర్! "అక్కా, నేను ఫోను ముడితే దానికి నొప్పి పుడతాంది" అని నా అంగట్లోకి దూరి, బెంచీ కింద పండుకొని తెల్లారేదాంక బయటికి రాలేదు. ఆయప్ప మనిషి తాటిసెట్టంత. కాళ్లు రోడ్డు మీదనే ఉండె.

సరే, అసలు సంగతికొస్తా. మాధవ్ అని మంత్రాలయం పిల్లోడు ఒకడుండాడు. వాళ్లింట్లో అందరూ రాయరు సామి మఠం సేవ, ఈయప్ప ఒక్కడే కంప్యూటర్ల సేవ. శెట్టి దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరినాడు.

శెట్టి పత్తి యాపారానికంతా ఒక సర్వర్ ఉండాది. రైతులు ఫోన్లలో రేటు సూసేదీ, యాపారులు టెండరు ఏసేదీ దాని మీదనే. దాన్ని తెచ్చి ఆ మిల్లు ముందర గదిలో పెట్టించినాడు. రాతి గోడలు సల్లగుంటాయి, ఏసీ దండగంట! జావాలో రాసిన యాప్‌ను నడిపే దాని పేరు టామ్‌క్యాట్ అన్నాడు మాధవ్. అంటే గండుపిల్లి అంట. ఆ కొంపకు పిల్లి ఒక్కటే తక్కువ అనుకున్నా.

ఆ పిల్లికి ఒక రోగం. పొద్దున సరిగ్గా టెండరు ఏళకు పడుకుంటాది. ఎవరు నొక్కినా పలకదు. శెట్టి స్నానం చేసి, పూజ చేసుకొని, మిల్లులోకి పోయి వస్తానే — లేస్తాది! "నా పూజకు లేస్తాంది, నీ సదువుకు కాదు" అని ఎగతాళి చేస్తాడు. కానీ అప్పటికి యాపారులు పక్క మండీకి పోయుంటారు.

ఆ సాయంత్రం నా అంగడి ముందరే మాధవ్‌ను నిలబెట్టి సెప్పినాడు. "రేపు గూడా పడుకునిందంటే, నువ్వు మంత్రాలయం బస్సెక్కు నాయనా. మల్ల రావద్దు."

పాపం, పిల్లోని మొగం సూడలేకపోయినా. పెండ్లి కుదిరుండాది వానికి. సంజన అని ఎమ్మిగనూరులో పంతులమ్మ. ఆయమ్మ వాళ్లు ఈ ఉద్యోగం సూసే పిల్లనిస్తామన్నారు.

"రాత్రంతా ఆడ్నే కూకుంటానమ్మా. ఎందుకు పడుకుంటాదో కండ్లారా సూస్తా" అన్నాడు.

"వద్దప్పా, దెయ్యం..."

"ఉద్యోగం పోతే నేనే దెయ్యమైతా" అని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని పోయినాడు.

ఆడ జరిగింది ఆయప్ప నోటితోనే ఇన్నా. ఉన్నది ఉన్నట్టు సెప్తాండా.

పక్క మిల్లు ఆగింది. ఊరు సద్దుమణిగింది. మాధవ్ సర్వర్ ముందర కూకొని, యాప్‌లోకి పోయేదానికి తన పేరు కొట్టినాడు...

కిర్ర్‌ర్‌ర్!

యెనక గదిలో. ఎప్పుడూ తాళమేసుండే గది. దాని తాళంచెవి శెట్టి మొలతాడుకు తప్ప ఇంకో సోట ఉండదు.

సెయ్యి తీసినాడు... ఆగింది. మల్ల నొక్కినాడు... కిర్ర్! గిడ్డయ్య మాట గెవనానికొచ్చింది. "ఎవరు... ఎవరాడ?" అని గుసగుసగా అడిగినాడు.

అప్పుడు సూసినాడు. ఆ తలుపు కింది సందులోంచి... తెల్లగా... ఏదో పాక్కుంటా వస్తాంది. కొంచెం వచ్చింది. ఆగింది. కిర్ర్ మనింది... ఇంకొంచెం వచ్చింది. పాము కాదు. గుడ్డ కాదు. కాగితం! సెల్లు వెలుగు పట్టి సూసినాడు. దాని మీద ఒకే పేరు, మల్ల మల్ల —

మాధవ్... మాధవ్... మాధవ్...

"రాయరే, కాపాడప్పా!" అని గోడకు కరుసుకున్నాడు. పారిపోతే ఉద్యోగం పోతాది, ఉంటే పానం పోతాది. ఏం చేస్తాడు? సంజనను తలుసుకున్నాడో, రాయరును తలుసుకున్నాడో, మల్ల పోయి ల్యాప్‌టాప్ ముందర కూకున్నాడు. దెయ్యం అరిస్తే అరవనీ, సర్వర్ మాత్రం పడుకోకూడదని నొక్కతా పోయినాడు. నొక్కేకొద్దీ కిర్రు, కిర్రుమనేకొద్దీ కాగితం...

ఉన్నట్టుండి కిర్రు ఆగింది. నొక్కినాడు. లేదు. మల్ల నొక్కినాడు. లేదు. తెర మీద సర్వర్ గూడా బిగుసుకపోయింది. రోజూ పొద్దున పడుకునేది, ఆ రాత్రి ముందే పడుకునింది!

అంతలో బయట అడుగుల సప్పుడు... గేటు మూలిగింది... తెల్లటి ఆకారం ఒకటి, భుజం మీద మూటతో, చీకట్లో నేరుగా యెనక గది కాడికి పోయింది. తాళం తీసింది. లోపలికి వంగి, బో ముద్దుగా అంటాంది —

"అప్పుడే మింగేసినావా... నీ కడుపు కాలా... ఇదో, తిను."

మాధవ్ ఒక అరుపు అరిసినాడు సూడు, ఈడ నా గ్లాసులు అదిరినాయి. ఆ అరుపుకు ఆ ఆకారం ఇంకా గట్టిగా అరిసింది. "అమ్మా వాసవీ! దెయ్యం! దెయ్యం!"

ఈయప్ప రాయరే అంటాడు, ఆయప్ప వాసవీ అంటాడు. ఇద్దరూ కండ్లు మూసుకున్నారు. కొంచేపటికి మాధవ్‌కు ఆ గొంతు ఎక్కడో ఇన్నట్టుండె. సెల్లు వెలుగు మొగం మీద ఏసినాడు. ఇంద్రసేనయ్య శెట్టి! పంచె ఎగ్గట్టి, భుజం మీద కాగితాల పెట్టె పెట్టుకొని!

గదిలో ఏముండాదనుకున్నావు? పాతకాలం ప్రింటరు. ఎనకట పత్తి తూకం చీటీలు కొట్టేది, సూదులతో కిర్రుకిర్రుమని అచ్చేసేది.

మాధవ్ నాకు ఇడమరిచి సెప్పినాడు. సర్వర్ తాను చేసే పనంతా రాసుకుంటాదంట, దాన్ని లాగ్ అంటారంట. ఎంత రాయాల, యాడ రాయాల అని ఒక ఫైలులో పెట్టుంటారు. అందరూ డిస్కులోనే రాయించి, పాతవి సెరిపిస్తా ఉంటారు. ఈడ ఆ ఫైలు పెట్టింది శెట్టి మనవడు తరుణ్. ఇప్పుడు ఎమ్మిగనూరులో బట్టల అంగడి నడుపుతాండాడు. తాత ఆ పొద్దు వానికి సెప్పినాడంట. "తెర మీదుండేది ఒక రాతా? కరెంటు పోతే అదీ పోతాది. సిన్నా పెద్దా ఏది జరిగినా కాగితం మీద పడాల." మనవడు ఎదురు సెప్పల్యా. ఎంత రాయాల అన్న సోట 'అంతా' అని పెట్టినాడు, యాడ రాయాల అన్న సోట ప్రింటరును సూపించినాడు. ఇంకేముంది! రైతు ఫోను ముడితే ఒక వరస, ఇడిస్తే ఒక వరస. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

కాగితం అయిపోయిందనుకో — రాసేదాంక ఇంకో పని ముట్టనని సర్వర్ మొండికేసుకొని నిలబడుతాది. పత్తి కాలంలో ఫోన్లు నొక్కేది ఎక్కువాయె. శెట్టి సాయంత్రం పెట్టిన కాగితం తెల్లారేతలికి చాలకపాయె. పూజయినాక వచ్చి కొత్తది పెడతానే లేస్తాంది. కాగితం అయిపోయినందుకే సర్వర్ పడుకుంటాందని శెట్టికే తెలీదు! పూజ మహిమ అనుకుంటాండాడు. ఆ రాత్రి మాధవ్ నొక్కి నొక్కి కాగితం ముందే ఖాళీ చేసినాడు. యెనక వీధిలో ఆ కిర్రు ఇంటా నిద్రపోయే శెట్టికి, అది ఆగేతలికి మెలకువ వచ్చింది.

"ఇంత కాగితం ఎవరు సదువుతారు శెట్టిగారూ?" అని మాధవ్ అడిగినాడంట.

"ఎవరు సదవాల? ఎవరూ సదవరు. రాసి ఉండాదంటే నాకు ధైర్యం. నిద్ర పడతాది."

మాధవ్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చినాయంట. "ప్రింటరును తీసేస్తా. రేపు పడుకోకుంటే నా ఉద్యోగం ఉంటాదా?"

శెట్టి శానా సేపు ప్రింటరును నిమురుతా నిలబడినాడు. "ఉంటాది. పడుకుంటే మాత్రం బస్సే."

మాధవ్ ఆ ఫైలు తెరిసినాడు. ముఖ్యమైనవే రాయి, డిస్కులోనే రాయి, పాతవి నువ్వే సెరుపుకో అని మార్చినాడు. టామ్‌క్యాట్‌ను ఆపి మల్ల లేపినాడు. ఇంక తెల్లారేదాంక రాయరును తలుసుకుంటా కూకున్నాడు.

పొద్దున యార్డులో గంట కొట్టినారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి, రోడ్డు మీదకొచ్చి నిలబడినా. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా సూసుకోలేదు. హమాలీ ఎర్రిస్వామి ఫోను పైకెత్తి పట్టుకొని పరిగెత్తుకొచ్చినాడు. "పలుకుతాంది! అక్కా, పలుకుతాంది!" టెండరు అయిపోయేదాంక పలుకుతానే ఉండె. మాధవ్ నా బెంచీ మీద కూలబడి ఏడ్సినాడు. నేనూ ఏడ్సినా. ఆ పొద్దు అందరికీ టీ నేనే ఇస్తి, దుడ్లు తీసుకోలా.

అట్లా మిల్లులో దెయ్యం పాయె. మాధవ్‌కు వచ్చే నెల పెండ్లి.

అయితే శెట్టికి నిద్ర పాయె. ఇంత జరుగుతాంది, యాడా కాగితం మీద పడల్యా అని ఒకటే దిగులు. ఏం చేసినాడో తెలుసా? పొద్దు గూకితానే వచ్చి ఈ బెంచీ మీద కూకుంటాడు. నా మొగం సూసి మొదలుపెడతాడు. "హుసేనమ్మా, పొద్దున లేస్తి. మొగం కడుక్కుంటి. సబ్బు జారె. తీసుకుంటి. గోనెగండ్ల బండి వచ్చె. ఎద్దు తుమ్మె. మల్ల తుమ్మె. గిడ్డయ్య దిగె..." ఒక్కటి ఇడవడు! నేను ఊ అనకుంటే ఆడ్నే ఆగిపోతాడు, ఊ అన్నాకనే ముందుకు పోతాడు. ఆ గొంతు ఇంటే సాలు, గిరాకీ అంతా దూరం నుంచే మళ్లుకుంటాంది.

"ముఖ్యమైనవే సెప్పేతట్టు ఈయప్పకు గూడా ఒక ఫైలు మార్చప్పా" అని మాధవ్‌ను బతిమాలినా. ఆయప్ప అటూ ఇటూ సూసి, గొంతు తగ్గించి, "నాకు పెండ్లుండాదమ్మా, నన్ను ఇడిసిపెట్టు" అన్నాడు.

ఉష్... ఇదో... సెప్పుల సప్పుడు... గొంతు సవరించుకుంటాండాడు. గ్లాసు ఆడ్నే పెట్టి పో అప్పా, పో. నేనంటే అంగడి ఇడిసి పోలేను.